ఫతే మైదాన్‌లో మ్యాచ్‌లూ మంత్రులూ

లాల్ బహదూర్ స్టేడియంలో నేను మొదట చూసింది క్రికెటర్‌ని కాదు, ముఖ్యమంత్రిని. 1983 జనవరి 9న ఎన్టీ రామారావు రాజ్‌భవన్‌లో కాకుండా అక్కడ, జనం మధ్య ప్రమాణస్వీకారం చేశారు. మా ఇంట్లో ఎవరికీ రాజకీయాల పిచ్చి లేదు. కానీ ఆ రోజు ఊరంతా అటే నడుస్తుంటే మేమూ నడిచాం. "చూశాను" అన్నానుగానీ, నిజానికి జనం తలలు తప్ప నాకు పెద్దగా ఏమీ కనబడలేదు. మైకులో ఆ గొంతు మాత్రం బాగా గుర్తుంది. నా దిగులల్లా ఒక్కటే, ఇంతమంది తొక్కితే పిచ్ ఏమైపోతుందని. నాన్నని అడిగాను. "పిచ్ దాకా ఎవర్నీ పోనివ్వర్లేరా" అన్నాడు. తెలిసి చెప్పలేదు, నా నోరు మూయించడానికి చెప్పాడు.

హైదరాబాద్ వాళ్లకు ఆ మైదానం గురించి చెప్పక్కర్లేదు. అసెంబ్లీ నుంచి నడిచి వెళ్లేంత దూరం. దగ్గర్లోనే నిజాం కాలేజీ. ఆదర్శనగర్ ఎమ్మెల్యే క్వార్టర్స్ కూడా అక్కడే. 1967లో శాస్త్రిగారి పేరు పెట్టినా మా గల్లీలో పెద్దవాళ్లంతా దాన్ని ఫతే మైదాన్ అనే అనేవాళ్లు. చుట్టూ స్పోర్ట్స్ షాపులు, వాటి అద్దాల వెనక మేం కొనలేని బ్యాట్లు. మొయినుద్దౌలా కప్పు క్రికెట్ జరిగేటప్పుడు సగం ఖాళీగా ఉన్న గ్యాలరీలో పల్లీలు తింటూ పొద్దంతా కూర్చోవచ్చు. అసెంబ్లీకీ ఆటకీ మధ్య అంత కొంచెం దూరమే ఉన్న చోట పెరిగాను కాబట్టి, ఫలానా నాయకుడికి క్రికెట్ అంటే ప్రాణమట అని పేపర్లో చదివినప్పుడల్లా నాకు ముందు నవ్వొస్తుంది. ఆ తర్వాత మా మామయ్య గుర్తొస్తాడు.

మామయ్య, అంటే అమ్మ తమ్ముడు, ఒక ఎమ్మెల్యే దగ్గర పనిచేసేవాడు. ఏ పార్టీ, ఏ నియోజకవర్గం అన్నది వదిలేద్దాం. హైదరాబాద్‌లో మ్యాచ్ ఉందంటే వారం ముందు నుంచే ఆ క్వార్టర్ గుమ్మం ముందు చెప్పులు పెరిగేవి. అందరూ పాసుల కోసమే. కాంట్రాక్టర్లు, సర్పంచుల బావమరుదులు, కొడుకు ఏడుస్తున్నాడని వచ్చిన హెడ్మాస్టర్లు. ఎమ్మెల్యేగారికి నోబాల్‌కూ వైడ్‌కూ తేడా తెలియదు, తెలుసుకోవాలని కూడా లేదు. కానీ ఎవరికి పాసు ఇవ్వాలి, ఎవరికి ఇవ్వకుండా టీ తాగించి పంపాలి అన్న లెక్క ఆయనకు బాగా తెలుసు. "పాసు ఇచ్చినోణ్ణి జనం యాది పెట్టుకుంటరు. సెంచరీ ఎవడు కొడితేంది?" అనేవాడు మామయ్య.

ఒకసారి నన్నూ వీఐపీ గ్యాలరీలోకి తీసుకెళ్లాడు. తెల్ల గుడ్డలు పరిచిన కుర్చీలు. ముందు వరసలో ఒకాయన పేపరు చదువుతున్నాడు, ఇంకొకాయన నిద్రపోతున్నాడు. లంచ్‌కి బిర్యానీ వచ్చినప్పుడు మాత్రం అందరూ లేచారు. టీ విరామం తర్వాత సగం మంది లేరు. నాకు అక్కడ ఊపిరాడలేదు. చప్పట్లు కొట్టాలన్నా పక్కవాళ్లను చూసి కొట్టాల్సి వచ్చేది.

అక్కడి నుంచే మామయ్య కింద గ్యాలరీలో ఒక ముసలాయన్ని చూపించాడు. మాసిన చొక్కా, చెవి దగ్గర ట్రాన్సిస్టర్. మ్యాచ్ కళ్లెదుట జరుగుతుంటే రేడియోలో కామెంటరీ వింటున్నాడు. ఆయన కూడా ఎమ్మెల్యేనేనట. "ఆయనకు నిజంగ ఆట పిచ్చిరా. అందుకే తన పాసు ఎవ్వరికియ్యడు, తనే వస్తడు" అన్నాడు. తర్వాతి ఎన్నికల్లో ఆయన ఓడిపోయాడు. పాసుల వల్ల కాదులెండి.

నాయకుల క్రికెట్ అభిమానం వల్ల జనానికి ఒరిగేదేమైనా ఉందా అంటే, అంత పిచ్చి ఉన్నవాడికి అధికారం కూడా ఉంటే ఒక్కోసారి ఒరుగుతుంది. 1983లో కపిల్ సేన ప్రపంచకప్ గెలిచినప్పుడు బోర్డు అధ్యక్షుడు ఎన్‌కేపీ సాల్వే. అప్పుడు కేంద్రంలో మంత్రి కూడా. లార్డ్స్‌లో ఫైనల్‌కి అదనంగా టికెట్లు అడిగితే ఇంగ్లండ్ వాళ్లు ఇవ్వలేదని, ఆ అవమానంతోనే తర్వాతి ప్రపంచకప్పును ఇక్కడికి తెచ్చే పని పట్టుకున్నారని చెబుతారు. టికెట్ల కథలో ఎంత మసాలా కలిసినా, 1987 ప్రపంచకప్పు ఇంగ్లండ్ దాటి భారత్, పాకిస్తాన్‌లకు రావడం మాత్రం నిజం. అందులో ఒక మ్యాచ్ మా ఫతే మైదాన్‌కి దక్కింది. అక్టోబర్ 10న న్యూజిలాండ్, జింబాబ్వే. మనవాళ్లు ఆడని మ్యాచ్ కాబట్టి ఎమ్మెల్యేగారి గుమ్మం ముందు ఒక్క జత చెప్పులు కూడా లేవు. కావలసినన్ని పాసులు! మా గల్లీ పిల్లలందరం వెళ్లాం. డేవ్ హౌటన్ అనే పేరు అంతకుముందు మేమెవరమూ వినలేదు. ఆ రోజు అతను 142 పరుగులు కొట్టాడు. జింబాబ్వే మూడు పరుగుల తేడాతో ఓడిపోతే, మనవాళ్లు ఓడినంతగా బాధపడ్డాం. ఇప్పటికీ నా లెక్కలో ఆ ఇన్నింగ్స్‌కి కారణం లార్డ్స్‌లో సాల్వేగారికి టికెట్లు ఇవ్వని ఆ తెల్లదొరే.

అదే సంవత్సరం మొదట్లో ఇంకో నాయకుడి క్రికెట్ అభిమానం మా ఇంట్లో పెద్ద గొడవే పెట్టింది. మన సైన్యం బ్రాస్‌టాక్స్ అని పేరు పెట్టి చేసిన విన్యాసాల తర్వాత పాకిస్తాన్ సరిహద్దుకు అటూ ఇటూ సైన్యాలు మోహరించి ఉన్నాయి. రేడియో పెడితే చాలు, యుద్ధమొస్తుందేమోనని అమ్మకు టెన్షన్. అలాంటి సమయంలో ఫిబ్రవరిలో పాకిస్తాన్ అధ్యక్షుడు జనరల్ జియా ఉల్ హక్ జైపూర్‌లో భారత్, పాకిస్తాన్ టెస్టు చూడ్డానికని విమానమెక్కి వచ్చేశారు. ఆయనకు ఆట మీద ఉన్నది ప్రేమా, ఎత్తుగడా? "ఆయన క్రికెట్ కోసం రాలేదు, మన మొహాలు చూసిపోవడానికి వచ్చాడు" అని నాన్న. "దేనికొస్తే ఏంది, తుపాకీ పేలలే గద" అని మామయ్య. అదే టెస్టులో, మేం అజ్జూ అని పిలుచుకునే మన హైదరాబాదీ అజహర్ సెంచరీ చేశాడు. మా గల్లీకి అదే ముఖ్యం. ఇరానీ హోటల్లో చాయ్ తాగేవాళ్లు జియా గురించి రెండు మాటలూ, అజ్జూ మణికట్టు గురించి రెండు గంటలూ మాట్లాడారు.

జియా తిరిగి వెళ్లిపోయారు, సైన్యాలు వెనక్కి తగ్గాయి, పాకిస్తాన్ జట్టు మాత్రం పర్యటన కొనసాగించింది. మార్చి 20న ఆ జట్టు మా ఊరికి వచ్చింది. ఆ మ్యాచ్‌కి నాకు పాసు దక్కలేదు, మామయ్య చేతిలో పాసులు చివరి నిమిషంలో ఎవరో సర్కిల్ ఇన్‌స్పెక్టర్‌కి వెళ్లిపోయాయి. నాన్న తిట్టుకుంటూనే లైన్లో నిలబడి టికెట్ కొన్నాడు. అదే మంచిదైంది. ఎండ సూటిగా కొట్టే గ్యాలరీలో, "జీతేగా భై జీతేగా" అని గొంతు పోయేదాకా అరిచేవాళ్ల మధ్య కూర్చున్నాం. మనవాళ్లు 44 ఓవర్లలో 212. రవిశాస్త్రి, కపిల్ లాక్కొచ్చారు. పాకిస్తాన్ కూడా 212 దగ్గరకే వచ్చి ఆగింది. చివరి బంతికి రెండో పరుగుకు వెళ్లి అబ్దుల్ ఖాదిర్ రనౌట్. స్కోర్లు సమం. ఎవరు గెలిచారో కాసేపు గ్యాలరీలో ఎవరికీ తెలియలేదు. ఒకాయన టై అంటాడు, ఇంకొకాయన మళ్లీ ఆడిస్తారంటాడు. మనవి ఆరు వికెట్లే పోయాయి, వాళ్లవి ఏడు పోయాయి కాబట్టి మనమే గెలిచామని తెలిశాక, పక్కన కూర్చున్న పెద్దాయన నన్ను ఎత్తి గిరగిరా తిప్పాడు. వీఐపీ గ్యాలరీ వైపు చూస్తే కుర్చీలు సగం ఖాళీ. జనం రోడ్డు మీదికి రాకముందే కార్లు కదలాలి కదా.

నాన్నకు జైసింహా, పటౌడీ అంటే ఆరాధన. పటౌడీ రంజీల్లో మన హైదరాబాద్‌కే ఆడాడని రోజుకొకసారైనా చెప్పాలి ఆయనకు. ఆ పటౌడీ 1971లో ఒకసారి, 1991లో ఇంకోసారి లోక్‌సభకు పోటీ చేసి రెండుసార్లూ ఓడిపోయాడు. ఆయన కొట్టిన సిక్సర్లకు లేచి నిలబడ్డ జనంలో ఎంతమంది ఓటేశారో మరి. అజహర్ 2009లో మొరాదాబాద్ నుంచి గెలిచాడు. కానీ 2023లో సొంత ఊళ్లో, జూబ్లీహిల్స్‌లో నిలబడితే ఓడిపోయాడు. రెండేళ్ల తర్వాత తెలంగాణలో మంత్రి అయ్యాడు, అది వేరే కథ. అజ్జూ అని ప్రాణం పెట్టే మా పాత గల్లీ మిత్రుడొకడు ఓటు వేరేవాళ్లకు వేశాడు. ఎందుకురా అంటే, "స్లిప్‌లో క్యాచ్ వేరు, నల్లా నీళ్లు వేరు" అన్నాడు. వాడితో వాదించలేదు.

2004 వేసవి మా ఇంట్లో రెండు టీవీల కాలం. ఒకదాంట్లో క్రికెట్, ఇంకోదాంట్లో ఎన్నికలు. గంగూలీ జట్టు పాకిస్తాన్ వెళ్తుంటే ప్రధాని వాజ్‌పేయి బ్యాటు మీద "ఖేల్ హీ నహీఁ, దిల్ భీ జీతియే" అని రాసి పంపారు. ఆయన క్రికెట్ పిచ్చి ఉన్న మనిషని ఎవరూ అనుకోలేదు. కానీ ఆ మాట చక్కగా అతికింది. అయిదు వన్డేల్లో మూడు, మూడు టెస్టుల్లో రెండు గెలిచారు. లాహోర్‌లో ఆఖరి వన్డేలో మన లక్ష్మణ్ సెంచరీ చేస్తే నాన్న, అప్పటికి రిటైరై ఉన్నాడు, కుర్చీలోంచి లేచి నిలబడి చూశాడు. రెండు నెలలు తిరక్కుండానే వాజ్‌పేయి ప్రభుత్వం ఓడిపోయింది. గెలిచిన సిరీస్ ఎవరి ఓటునూ మార్చలేదు. నాన్న కూడా తన ఓటు తాను వేసుకున్నాడు, బ్యాటు మీది మాటను మాత్రం చాన్నాళ్లు మెచ్చుకున్నాడు.

ఆ ఊపులోనే ఇక్కడ చంద్రబాబూ ఓడిపోయారు. మే 14న వైఎస్ రాజశేఖరరెడ్డి ప్రమాణస్వీకారం మళ్లీ మా ఫతే మైదాన్‌లోనే. చంద్రబాబుకు ఆటల పిచ్చి ఉందని నేనెప్పుడూ వినలేదు. స్టేడియంలో కూర్చున్నా ఆయన మొహం సమీక్షా సమావేశంలో ఉన్నట్టే ఉండేది. కానీ 2002లో జాతీయ క్రీడలు, మరుసటి ఏడాది ఆఫ్రో ఏషియన్ క్రీడలు జరిపించారు. గచ్చిబౌలిలో స్టేడియాలు లేచాయి. అప్పుడు మేం విసుక్కున్నాం. ఊళ్లల్లో కరువు, ఇక్కడ బాణసంచా అని. 2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ గెలిచిన పుల్లెల గోపీచంద్‌కి అకాడమీ కోసం 2003లో అయిదెకరాలు ఇచ్చారు. అప్పట్లో దాని గురించి మా వీధిలో ఎవరూ మాట్లాడుకోలేదు, ఆ ఎన్నికల్లో ఒక్క ఓటు కూడా దానివల్ల పడి ఉండదు. డబ్బు చాలక గోపీచంద్ ఇల్లు తాకట్టు పెట్టుకోవాల్సి వచ్చింది. సైనా, సింధు ఆ అకాడమీలోనే తయారయ్యారు. 2016లో సింధు రియోలో వెండి పతకం తెచ్చేసరికి రాష్ట్రాలు రెండయ్యాయి. తెలంగాణ అయిదు కోట్లంటే ఆంధ్రప్రదేశ్ మూడు కోట్లంది. అమ్మాయి మాదంటే మాదని రెండువైపులా వాదన. అందరికీ ఒక్కసారిగా బ్యాడ్మింటన్ అభిమానం పుట్టుకొచ్చింది. చెక్కు చేతికిచ్చే ఫొటో కోసం పుట్టే అభిమానం నాకు రుచించదు. ఫొటో లేని ఆ అయిదెకరాల కాగితమే నాకు నచ్చింది, అందులో ప్రేమ ఉన్నా లేకపోయినా.

ఇక అసలైన క్రికెటర్ ముఖ్యమంత్రి సంగతి. కిరణ్‌కుమార్ రెడ్డి నిజాం కాలేజీలో వికెట్ కీపర్. అజహరుద్దీన్‌దీ ఆ కాలేజీయే, ఫాస్ట్ బౌలింగ్ చేసిన అసదుద్దీన్ ఒవైసీదీ ఆ కాలేజీయే. ఆ గ్రౌండులో ఆడిన మనిషి ముఖ్యమంత్రి అయ్యాడంటే 2010లో మాలాంటి వాళ్లకు ముచ్చటేసింది. తర్వాత 2013 జులై 30న కాంగ్రెస్ వర్కింగ్ కమిటీ తెలంగాణకు ఒప్పుకుంది. సొంత పార్టీ నిర్ణయాన్ని కిరణ్ ఒప్పుకోలేదు. అడిగినవాళ్లందరికీ ఆయన చెప్పిన మాట, ఆట అయిపోలేదు, లాస్ట్ బాల్ ఇంకా ఉందని.

ఆ ఏడు నెలలూ లాస్ట్ బాల్ అనే మాట వినని రోజు లేదు. మేమప్పుడు నల్లకుంటలో ఒక అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లం. మాది నల్లగొండ, ఎదురు ఫ్లాట్ వాళ్లది గుంటూరు. పొద్దున లిఫ్ట్ దగ్గర కలిస్తే, "ఏం బావగారూ, బాల్ వేశారా?" అని ఆయన్ని నేను అడగడం, "రనప్‌లో ఉన్నాడండీ" అని ఆయన అనడం. మొదట్లో సరదాగానే ఉండేది. రోజులు గడిచేకొద్దీ ఆ జోకులు ముల్లులా గుచ్చుకోవడం మొదలైంది. మా పక్కవాళ్ల అబ్బాయి ఉద్యమంలో లాఠీ దెబ్బలు తిన్నాడు, వాడి ముందు క్రికెట్ భాష వాడితే మండిపడేవాడు. "మా బతుకు వాళ్లకు మ్యాచా?" అనేవాడు. గుంటూరాయన కూతురు ఉద్యోగం ఏమవుతుందో, ఊరు వదలాల్సి వస్తుందేమోనని నిద్రపోయేవాడు కాదు. ఆయనకు లాస్ట్ బాల్ అనేది జోకు కాదు, ఆశ. 2014 జనవరి 30న అసెంబ్లీ బిల్లును తిప్పి పంపితే ఆ రాత్రి వాళ్లింట్లో లైట్లు చాలాసేపు వెలిగాయి. ఫిబ్రవరి 18న లోక్‌సభలో బిల్లు పాసైంది. మర్నాడు కిరణ్ రాజీనామా చేశారు. తర్వాత సొంత పార్టీ పెడితే దానికి దొరికిన గుర్తు బ్యాటు కాదు, చెప్పుల జత. ఒక్క సీటూ రాలేదు.

నాయకుడికి ఏ జట్టంటే ఇష్టమన్నది జనానికి పెద్దగా పట్టదనే ఇప్పటికీ నా అభిప్రాయం. కానీ ఆ ఆట అతని నోట్లోంచి పాలనలోకి వస్తే మాత్రం పడుతుంది. లాస్ట్ బాల్ ఉందని వినేవాడు అది నిజంగా ఉందనుకుని ఎదురుచూస్తాడు. ఆ గుంటూరాయన ఇప్పటికీ హైదరాబాద్‌లోనే ఉన్నాడు, కూతురి ఉద్యోగమూ ఇక్కడే. భయపడినవేవీ జరగలేదు. అయినా కిరణ్ పేరు టీవీలో వినబడితే చానల్ మార్చేస్తాడు.

2023 నవంబర్ 19న అహ్మదాబాద్‌లో ప్రపంచకప్ ఫైనల్ ఓడినప్పుడు, స్టేడియంలో ప్రధాని మోదీ ఉన్నారు కాబట్టే ఓడామని ఫోన్లలో ఒకటే జోకులు. రాహుల్ గాంధీ రాజస్థాన్ సభలో 'పనౌతీ', అంటే అపశకునం, అనేశారు, ఎన్నికల సంఘం నోటీసిచ్చింది. పదిహేను రోజులు తిరక్కుండా రాజస్థాన్‌లో బీజేపీ గెలిచింది. ఓడిన కప్పు కూడా ఎవరి ఓటూ మార్చలేదన్నమాట. ఇంత చిన్న విషయానికి అంత గొడవ ఎందుకో నాకు అర్థం కాలేదు.

2025 డిసెంబర్ 13న మెస్సీ వచ్చాడు. ఆ పొద్దున కోల్‌కతాలో నాయకులూ వీఐపీలూ అతని చుట్టూ మూగేసరికి టికెట్ కొన్నవాళ్లకు మెస్సీ కనబడలేదు. కుర్చీలు, సీసాలు మైదానంలోకి వచ్చిపడ్డాయి. వీఐపీ కుర్చీల మధ్య ఊపిరాడకుండా కూర్చున్న నాకు ఆ కోపం బాగా అర్థమైంది. సాయంత్రం ఉప్పల్‌లో మాత్రం గొడవేమీ లేకుండా అయిపోయింది. ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి స్వయంగా జెర్సీ వేసుకుని ఆడారు. ఆయనకు ఫుట్‌బాల్ అంటే నిజంగానే ఇష్టం, అది కాళ్ల కదలికలోనే తెలుస్తోంది. మా చెల్లెలి కొడుకు వెళ్లొచ్చాడు. "సీఎం బాగనే ఆడిండు మామా" అన్నాడు, గొంతు బొంగురుపోయింది.

వాడి బీరువాలో ఒక పసుపు జెర్సీ ఉంది. హైదరాబాద్ ఎఫ్‌సీ అనే ఫుట్‌బాల్ క్లబ్‌ది. 2022లో ఆ జట్టు ఇండియన్ సూపర్ లీగ్ గెలిచినప్పుడు వాడు ఇంటర్ పరీక్షల మధ్యలో కూడా అది విప్పలేదు. ఆ జట్టుకు సొంత మైదానం గచ్చిబౌలిలో అప్పుడు కట్టిన స్టేడియమే. మెస్సీ వచ్చిన ఆ సంవత్సరమే క్లబ్ ఢిల్లీకి వెళ్లిపోయి పేరు మార్చుకుంది. 1956 ఒలింపిక్స్‌లో భారత జట్టును సెమీఫైనల్ దాకా తీసుకెళ్లిన కోచ్ రహీం సాబ్ ఊళ్లో, ఫుట్‌బాల్ ఆడే ముఖ్యమంత్రి ఉన్నప్పుడు, దేశం గుర్తించిన క్లబ్ ఊరు దాటిపోయింది. దానికి ఆయన్నేమీ అనను. క్లబ్బులు డబ్బుతో నడుస్తాయి, ముఖ్యమంత్రి ఇష్టంతో కాదు. మెస్సీ వచ్చిన రాత్రి పట్టణమంతా లైట్లు పెట్టారు, క్లబ్ వెళ్లిపోయిన రోజు మాత్రం మావాడూ వాడి నలుగురు స్నేహితులూ తప్ప ఎవరూ పట్టించుకున్నట్టు లేదు.

ఇప్పుడు వాడు శ్రీనిధి దక్కన్ అనే ఇంకో ఫుట్‌బాల్ జట్టు మ్యాచ్‌లకు మొయినాబాద్ వైపు బైకు వేసుకుని పోతున్నాడు. టికెట్ సులువుగా దొరుకుతుందట, పాసుల గోలే లేదట. ఇంతవరకు వాడికి అక్కడ ఏ నాయకుడూ కనబడలేదట. కాన్వాయ్‌లు లేవు కాబట్టి తిరిగొచ్చేటప్పుడు ట్రాఫిక్ కూడా ఆగదని, ఈసారి నన్నూ రమ్మంటున్నాడు.